డిస్కార్డ్ ప్రైవేట్ ఛానెల్‌లోకి ఎవరు రావాలో మీరే నిర్ణయించడం ఎలా: సమగ్ర మార్గదర్శి

డిస్కార్డ్ అంటే గుంపులుగా మాట్లాడుకునే యాప్. అందులో ఒక గుంపుకి ఉండే చోటుని సర్వర్ అంటారు, ఆ సర్వర్ లోపల ఉండే ఒక్కో చర్చా గదిని ఛానెల్ అంటారు. ఒక ఛానెల్‌ని ప్రైవేట్ చేయడానికి ఒక్క స్విచ్ నొక్కితే చాలు. పేరు పక్కన చిన్న తాళం బొమ్మ వస్తుంది, పని అయిపోయిందనుకుంటాం. తీరా చూస్తే ఆ ఛానెల్‌ని చదవగలిగేవాళ్లలో మనం అనుకోని పేర్లు కనిపిస్తాయి. ఎప్పుడో పాటల కోసం తెచ్చిపెట్టుకున్న బాట్ (దానంతటదే పనిచేసే ప్రోగ్రామ్) ఉంటుంది. ఏదో ఈవెంట్ నడిపించడానికి అడ్మిన్‌ని చేసి, తర్వాత ఆ సంగతే మర్చిపోయిన సభ్యుడు ఉంటాడు. సభ్యులకు అధికారాలిచ్చే గుర్తుల్ని రోల్స్ అంటారు, అలాంటి ఏ రోల్ కావాలంటే ఆ రోల్ తనకు తనే తగిలించుకోగల మోడరేటర్ (చర్చలను అదుపులో పెట్టే సభ్యుడు) ఉంటాడు. వీళ్లు ఎలా వచ్చారా అని ఛానెల్ సెట్టింగుల్లో ఎంత వెతికినా దొరకదు. తప్పు సర్వర్ మొత్తానికి ఎవరికి ఏ అధికారం ఇచ్చామన్న దగ్గర ఉంటుంది. అందుకే ఇక్కడ స్విచ్ గురించి కొంచెమే చెప్పి, ఆ అధికారాల గురించి వివరంగా చెప్తాను.

మెనూల పేర్లు కంప్యూటర్ యాప్‌లో కనిపించేవే రాశాను. ఫోన్‌లో అవి కాస్త అటూ ఇటూగా ఉంటాయి, కానీ లెక్క ఒకటే.

ముందు తేల్చుకోవాల్సినవి

సెట్టింగులు తెరవకముందే మూడు ప్రశ్నలకు జవాబు రాసిపెట్టుకోండి. ఈ ఛానెల్‌ని ఎవరు చదవాలి? అందులో ఎవరు రాయాలి? కొత్తవాళ్లని లోపలికి తీసుకోవాలో వద్దో ఎవరు నిర్ణయించాలి? మొదటి రెండూ అందరూ ఆలోచిస్తారు. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు, లీకులన్నీ అక్కడే మొదలవుతాయి.

చెప్పుకోవడానికి వీలుగా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఫొటోగ్రఫీ మీద ఆసక్తి ఉన్నవాళ్ల సర్వర్ ఒకటి ఉంది, అందులో అప్పుడప్పుడూ పోటీలు జరుగుతాయి. మార్కులు చర్చించుకోవడానికి జడ్జీలకు ఒక ప్రైవేట్ ఛానెల్ కావాలి. పోటీలో పాల్గొంటున్నవాళ్లకి అది కనిపించకూడదు. మోడరేటర్లకి కూడా అక్కర్లేదు, ఎందుకంటే వాళ్లలోనూ కొందరు పోటీకి ఫొటోలు పంపుతారు. జడ్జీలను చేర్చేది, తీసేది సర్వర్ ఓనర్ ఒక్కరే.

డిస్కార్డ్ లెక్క ఎలా వేస్తుంది

ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే వస్తుంది కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

ఒక సభ్యుడు ఒక ఛానెల్ చూడగలడా లేదా అన్నది డిస్కార్డ్ ఒక వరుసలో తేలుస్తుంది. ముందుగా సర్వర్ స్థాయి. ప్రతి సర్వర్‌లో ఎవ్రీవన్ అనే రోల్ ఉంటుంది, అది సభ్యులందరికీ ఉన్నట్టే లెక్క. ఆ రోల్‌కి ఉన్న పర్మిషన్లు, సభ్యుడికి ఇచ్చిన మిగతా రోల్స్‌కి ఉన్న పర్మిషన్లు అన్నీ కలిపేస్తుంది. వాటిలో ఏ ఒక్క రోల్‌కైనా అడ్మినిస్ట్రేటర్ పర్మిషన్ ఉంటే లెక్క అక్కడితో ఆగిపోతుంది. ఆ సభ్యుడికి అన్ని ఛానెళ్లూ కనిపిస్తాయి, ఛానెల్‌లో మీరు ఏం పెట్టినా పట్టించుకోదు. సర్వర్ ఓనర్ సంగతీ అంతే.

అడ్మినిస్ట్రేటర్ కాకపోతే తర్వాత ఛానెల్ స్థాయికి వస్తుంది. ఛానెల్‌లో ప్రతి పర్మిషన్‌కీ మూడు గుర్తులుంటాయి. ఎర్ర ఇంటూ అంటే వద్దు, ఆకుపచ్చ టిక్ అంటే సరే, మధ్యలో ఉన్న గీత అంటే పైనుంచి వచ్చిందే ఉండనివ్వమని. ఇవి ఈ వరుసలో అమలవుతాయి:

1. ఎవ్రీవన్‌కి ఈ ఛానెల్‌లో పెట్టిన ఇంటూలు, టిక్కులు.
2. సభ్యుడికి ఉన్న మిగతా రోల్స్ అన్నిటి ఇంటూలు కలిపి ఒకసారి, ఆ తర్వాత వాటి టిక్కులు కలిపి ఒకసారి.
3. ఆ సభ్యుడి పేరు మీదే విడిగా పెట్టినవి ఉంటే అవి. వీటిదే చివరి మాట.

రెండో అడుగు దగ్గర చాలామంది పొరబడతారు. రోల్స్ మధ్య తగువు వస్తే టిక్కే గెలుస్తుంది. మన ఉదాహరణలో "పోటీదారులు" అనే రోల్‌కి జడ్జీల ఛానెల్‌లో ఇంటూ పెట్టారనుకోండి. ఈసారి ఒక జడ్జి కూడా పోటీకి ఫొటో పంపి ఆ రోల్ తీసుకున్నాడు. అతనికి ఒక రోల్ నుంచి ఇంటూ, జడ్జీల రోల్ నుంచి టిక్ వస్తాయి. అతనికి ఛానెల్ కనిపిస్తూనే ఉంటుంది. రోల్స్ జాబితాలో పోటీదారుల రోల్‌ని పైకి జరిపినా ఏం మారదు. ఆ జాబితాలో పైనా కిందా అన్నది ఎవరు ఎవరి మీద అధికారం చూపించగలరో తేల్చడానికే గానీ, ఛానెల్ పర్మిషన్ల లెక్కలోకి రాదు. అతన్ని ఆపాలంటే జడ్జి రోల్ తీసేయాలి, లేదా అతని పేరు మీద విడిగా ఇంటూ పెట్టాలి. రోల్ తీసేయడమే శుభ్రమైన పద్ధతి, పోటీ అయ్యాక మళ్లీ ఇవ్వవచ్చు.

దీన్నుంచి ఒక పద్ధతి అలవాటు చేసుకోవచ్చు. ప్రైవేట్ ఛానెల్‌లో ఎవ్రీవన్‌కి ఇంటూ పెట్టి, రావలసిన రోల్‌కి టిక్ పెట్టి, మిగతా రోల్స్ జోలికి వెళ్లకండి. "వీళ్లు రాకూడదు, వాళ్లు రాకూడదు" అని ఒక్కో రోల్‌కీ ఇంటూలు పేర్చుకుంటూ పోతే కొన్నాళ్లకి మీకే అర్థం కాకుండా పోతుంది.

తయారు చేయడం

1. సర్వర్ సెట్టింగ్స్‌లో రోల్స్‌కి వెళ్లి "జడ్జీలు" అనే కొత్త రోల్ చేయండి. దానికి సర్వర్ స్థాయిలో ఏ ప్రత్యేక పర్మిషనూ ఇవ్వకండి. ఈ రోల్ పని ఆ ఛానెల్ చూపించడం వరకే.
2. ఒక కొత్త కేటగిరీ (కొన్ని ఛానెళ్లను కలిపి ఉంచే గుంపు) చేసి, చేసేటప్పుడే ప్రైవేట్ స్విచ్ ఆన్ చేయండి. ఎవరికి అని అడిగినప్పుడు జడ్జీల రోల్ ఎంచుకోండి. డిస్కార్డ్ ఎవ్రీవన్‌కి వ్యూ ఛానెల్ (ఛానెల్ చూసే పర్మిషన్) మీద ఇంటూ, జడ్జీలకి టిక్ పెడుతుంది.
3. ఆ కేటగిరీ లోపలే ఛానెల్ చేయండి. కేటగిరీ పర్మిషన్లే దానికీ వస్తాయి.
4. ఛానెల్ పేరు పక్కన ఉన్న గేర్ గుర్తు నొక్కి, పర్మిషన్స్‌లో అడ్వాన్స్‌డ్ పర్మిషన్స్ తెరిచి ఒకసారి కళ్లారా చూసుకోండి.

కేటగిరీ ఎందుకంటే రేపు జడ్జీలకి రెండో ఛానెలో, వాయిస్ ఛానెలో కావాల్సివస్తే మళ్లీ మొదటినుంచి పెట్టుకునే పని తప్పుతుంది. ఛానెల్ కేటగిరీతో సింక్‌లో ఉన్నంతకాలం కేటగిరీలో మార్చింది ఛానెల్‌కీ వర్తిస్తుంది. ఛానెల్‌లో విడిగా ఏ చిన్న మార్పు చేసినా ఆ సింక్ తెగిపోతుంది. ఇక కేటగిరీలో ఏం మార్చినా ఆ ఛానెల్ పాత పర్మిషన్లతోనే ఉండిపోతుంది. పర్మిషన్స్ పేజీలో సింక్‌లో ఉందో లేదో రాసి ఉంటుంది, లేకపోతే సింక్ నౌ అనే బటన్ కనిపిస్తుంది. ఛానెల్‌ని లాగి ఇంకో కేటగిరీలో పెట్టినప్పుడు కూడా ఈ పేజీ చూడకుండా వదలకండి.

కొందరు రోల్ చేయకుండా నేరుగా సభ్యుల పేర్లే ఛానెల్‌లో చేరుస్తారు. ఇద్దరు ముగ్గురి మధ్య రెండు రోజుల పనికి ఫర్వాలేదు. అంతకుమించితే రోలే నయం, ఎందుకో చివర్లో చెప్తాను.

చదవడానికి మాత్రమే రానివ్వాలంటే వ్యూ ఛానెల్‌కి టిక్ ఉంచి, సెండ్ మెసేజెస్‌కి ఇంటూ పెట్టండి. దాంతోపాటు సెండ్ మెసేజెస్ ఇన్ థ్రెడ్స్ కూడా ఆపాలి, అది వేరే పర్మిషన్ (థ్రెడ్ అంటే ఛానెల్ లోపల విడిగా సాగే చిన్న చర్చ). దాన్ని మర్చిపోతే ఛానెల్‌లో రాయలేనివాళ్లు థ్రెడ్లలో రాస్తూ ఉంటారు.

అసలు చూడాల్సింది ఇక్కడ

ఛానెల్ తయారైంది. ఇప్పుడు దాన్ని దాటుకుని రాగలిగేవాళ్లెవరో చూడాలి.

అడ్మినిస్ట్రేటర్ పర్మిషన్ ఏయే రోల్స్‌కి ఉందో ఒక్కొక్కటీ తెరిచి చూడండి. చాలా సర్వర్లలో మోడరేటర్లందరికీ ఇదే ఇచ్చేసి ఉంటారు, పని సులువవుతుందని. మెసేజీలు తీసేయడానికి మేనేజ్ మెసేజెస్ చాలు. గొడవ చేసేవాళ్లని కాసేపు ఆపడానికి టైమవుట్ మెంబర్స్, బయటికి పంపడానికి కిక్, బ్యాన్ పర్మిషన్లు విడివిడిగా ఉన్నాయి. రోజువారీ మోడరేషన్‌లో అడ్మినిస్ట్రేటర్ లేకుండా కానిదంటూ దాదాపు ఏమీ లేదు. నా మాట వింటే, ఓనర్ కాక ఆ పర్మిషన్ ఇంకొక్కరికి ఉంటే చాలు, అదీ ఓనర్ అందుబాటులో లేనప్పుడు సర్వర్ ఆగిపోకుండా ఉండటానికి. తీసేస్తానంటే కొందరు చిన్నబుచ్చుకుంటారు, అది వేరే టెన్షన్. ఆ రోల్ పేరు, రంగు అలాగే ఉంచి లోపల పర్మిషన్ మాత్రం తీసేస్తే సగం మంది గమనించరు కూడా.

మేనేజ్ రోల్స్ ఇంకొంచెం మెలికైనది. ఈ పర్మిషన్ ఉన్నవాళ్లు, జాబితాలో తమకున్న రోల్స్‌లో అన్నిటికన్నా పైనున్న దాని కన్నా కింద ఉన్న ఏ రోల్‌నైనా ఎవరికైనా ఇవ్వగలరు. ఎవరికైనా అంటే తమకు కూడా. మన సర్వర్‌లో మోడరేటర్ల రోల్ పైన, జడ్జీల రోల్ కింద ఉంటే, మేనేజ్ రోల్స్ ఉన్న ఏ మోడరేటరైనా జడ్జి రోల్ తగిలించుకుని, చదవాల్సింది చదివి, మళ్లీ తీసేసుకోవచ్చు. ఛానెల్ పర్మిషన్లలో ఏ లోపమూ ఉండదు. దీనికి మందు చిన్నదే. రోల్స్ జాబితాలో జడ్జీల రోల్‌ని పట్టుకుని మోడరేటర్ల రోల్‌కి పైకి లాగండి. అప్పుడు దాన్ని ముట్టుకునే అధికారం వాళ్లకి ఉండదు. పైన ఉన్నంత మాత్రాన జడ్జీలకి కొత్త అధికారాలేవీ రావు, ఎందుకంటే ఆ రోల్‌కి మనం ఏ పర్మిషనూ ఇవ్వలేదు. పేర్ల జాబితాలో జడ్జీలు మోడరేటర్ల పైన విడిగా కనిపించడం ఇష్టం లేకపోతే, సభ్యులను రోల్ వారీగా వేరుగా చూపించే ఆప్షన్ ఆ రోల్‌కి ఆపేయండి.

ఛానెల్ స్థాయిలో ఉండే మేనేజ్ పర్మిషన్స్ కూడా ఇలాంటిదే. అది ఉన్నవాళ్లు ఆ ఛానెల్‌లోకి ఇంకొకరిని చేర్చగలరు. "ఎవరిని చేర్చాలో ఎవరు నిర్ణయించాలి" అన్న మూడో ప్రశ్నకి మీరు రాసుకున్న జవాబు ఇక్కడ పనికొస్తుంది. ఓనర్ ఒక్కరే అనుకుంటే జడ్జీలకి ఇది ఇవ్వకండి.

రోల్స్ ఇంకో దారిలో కూడా జారిపోతాయి. కొత్తగా చేరినవాళ్లు ప్రశ్నలకి జవాబులిస్తే రోల్ వచ్చేలా ఆన్‌బోర్డింగ్ పెట్టుకోవచ్చు, ఎమోజీ నొక్కితే రోల్ ఇచ్చే బాట్లూ ఉన్నాయి. ఆ జాబితాల్లో ప్రైవేట్ రోల్ పొరపాటున కూడా ఉండకుండా చూసుకోండి.

బాట్లు, వెబ్‌హుక్‌లు

బాట్‌ని సర్వర్‌లోకి చేర్చేటప్పుడు అది అడిగిన పర్మిషన్లన్నిటికీ టిక్ పెట్టి సరే అనేస్తాం. చాలా బాట్లు అడ్మినిస్ట్రేటరే అడుగుతాయి, తయారుచేసినవాళ్లకి అది సులువు కాబట్టి. దాన్ని ఒప్పుకుంటే ఎవరో ఎక్కడో నడుపుతున్న ప్రోగ్రామ్‌కి మీ ప్రైవేట్ ఛానెళ్లన్నీ తెరిచిపెట్టినట్టే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అని ప్రతి బాట్ గురించీ అనలేం, ఎక్కువభాగం మంచివే. కానీ వెల్‌కమ్ మెసేజ్ పెట్టే బాట్‌కి జడ్జీల చర్చతో ఏం పని? చేర్చిన తర్వాత దాని రోల్ తెరిచి అడ్మినిస్ట్రేటర్ తీసేసి, అవసరమైనవి మాత్రమే ఇవ్వండి. ఏదైనా పని ఆగితే అప్పుడు ఆ ఒక్క పర్మిషన్ చేర్చవచ్చు. ప్రైవేట్ ఛానెల్‌లో బాట్ నిజంగా కావాలంటే, దాని రోల్‌ని ఆ ఛానెల్‌లో చేర్చి వ్యూ ఛానెల్‌కి టిక్ పెట్టండి.

వెబ్‌హుక్ అంటే బయటి నుంచి ఛానెల్‌లోకి మెసేజ్ పంపే లింక్. ఆ లింక్ తెలిసిన ఎవరైనా, సర్వర్‌లో సభ్యుడు కాకపోయినా, అందులో మెసేజ్ పెట్టగలరు. చదవలేరు గానీ, నమ్మకమైన పేరుతో తప్పుడు మెసేజ్ పెడితే అదీ ప్రమాదమే. ఛానెల్ సెట్టింగ్స్‌లో ఇంటిగ్రేషన్స్ తెరిచి, ఎవరు పెట్టారో తెలియని వెబ్‌హుక్‌లు తీసేయండి.

పాత మెసేజీల సంగతి

కొత్త జడ్జిని చేర్చిన క్షణం నుంచి ఆ ఛానెల్‌లో మొదటి రోజు నుంచి జరిగిన చర్చంతా అతను చదవగలడు. గత పోటీలో అతని ఫొటో గురించి ఇద్దరు ఏమనుకున్నారో కూడా. దీని గురించి ముందే ఆలోచించేవాళ్లు తక్కువ.

రీడ్ మెసేజ్ హిస్టరీ తీసేయవచ్చు. అప్పుడు యాప్ తెరిచి ఉన్నప్పుడు వచ్చిన మెసేజీలే కనిపిస్తాయి, మూసి తెరిస్తే అవీ పోతాయి. దాంతో మామూలుగా పనిచేయడం చాలా కష్టం, నేనైతే సలహా ఇవ్వను. దీనికన్నా ప్రతి పోటీకీ కొత్త ఛానెల్ చేసి, పాతదాన్ని ఓనర్‌కి మాత్రమే కనిపించే వేరే కేటగిరీలోకి మార్చడం మేలు. ఒక సర్వర్‌లో 500 ఛానెళ్ల వరకూ పెట్టుకోవచ్చు, ఒక్కో కేటగిరీలో 50 పడతాయి. చోటుకి లోటు రాదు.

థ్రెడ్లు, వాయిస్

మామూలు థ్రెడ్ ఛానెల్ చూసే అందరికీ కనిపిస్తుంది. ప్రైవేట్ థ్రెడ్ అయితే చేర్చినవాళ్లకీ, మేనేజ్ థ్రెడ్స్ ఉన్నవాళ్లకీ కనిపిస్తుంది. ఏ థ్రెడైనా చూడాలంటే ముందు అది ఉన్న ఛానెల్ కనిపించాలి, కాబట్టి ఛానెల్ గట్టిగా ఉంటే థ్రెడ్ గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. వాయిస్ ఛానెల్‌లో వ్యూ ఛానెల్‌తో పాటు కనెక్ట్ అనే పర్మిషన్ ఉంటుంది. వ్యూ ఉంచి కనెక్ట్ ఆపితే, లోపల ఎవరున్నారో కనిపిస్తుంది గానీ చేరలేరు. గుట్టుగా ఉండాల్సిన మీటింగ్ అయితే రెండూ ఆపండి.

సరిచూసుకోవడం

రోల్స్ పేజీలో ఒక్కో రోల్ పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కితే వ్యూ సర్వర్ యాజ్ రోల్ అని వస్తుంది. అది నొక్కితే ఆ రోల్ ఉన్నవాళ్లకి సర్వర్ ఎలా కనిపిస్తుందో మీకూ అలా కనిపిస్తుంది. పోటీదారుల రోల్‌తో ఒకసారి, మోడరేటర్ల రోల్‌తో ఒకసారి చూడండి. ఇది రోల్స్ లెక్క మాత్రమే చూపిస్తుంది, ఒక్కో సభ్యుడి పేరు మీద విడిగా పెట్టినవి దీనిలో తెలియవు.

వాటికి ఇంకో సులువైన మార్గముంది, ఎందుకో దీన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. కంప్యూటర్‌లో ఆ ప్రైవేట్ ఛానెల్ తెరిచి కుడివైపు సభ్యుల జాబితా చూడండి. డిస్కార్డ్ అక్కడ ఆ ఛానెల్ చూడగలిగేవాళ్లనే చూపిస్తుంది. అడ్మిన్లు, బాట్లు అందరూ అందులో ఉంటారు. అనుకోని పేరు కనిపిస్తే, ఆ సభ్యుడి రోల్స్ తెరిచి ఏ దారిలో వచ్చాడో వెతకండి. ముందు అడ్మినిస్ట్రేటర్, తర్వాత ఛానెల్‌లో టిక్ ఉన్న రోల్స్, చివరికి అతని పేరు మీద టిక్. ఈ మూడింటిలో ఏదో ఒకటే అయి ఉంటుంది. పెద్ద సర్వర్లలో ఆఫ్‌లైన్‌లో ఉన్నవాళ్లు ఈ జాబితాలో రాకపోవచ్చు, అది గుర్తుపెట్టుకోండి.

ఒకరు వెళ్లిపోయినప్పుడు

జడ్జి బాధ్యత అయిపోయినప్పుడు రోల్ తీసేస్తే సరి. సర్వర్ వదిలి వెళ్లినా, మళ్లీ చేరితే పాత రోల్స్ తిరిగి రావు. కానీ ఛానెల్‌లో పేరు మీద నేరుగా పెట్టిన పర్మిషన్ అలా పోదు. మనిషి వెళ్లిపోయినా అది ఛానెల్‌లో అలాగే మిగిలి, తిరిగొచ్చిన రోజు మళ్లీ ఛానెల్ కనిపిస్తుంది. పేర్ల కన్నా రోల్ నయమని ముందు అన్నది ఇందుకే. ఎవరైనా మనస్పర్థలతో వెళ్లిపోతే ప్రైవేట్ ఛానెళ్ల పర్మిషన్స్ పేజీలు తెరిచి వాళ్ల పేరు ఎక్కడైనా ఉందేమో చూసి తీసేయండి. వాళ్లు పెట్టిన వెబ్‌హుక్‌లూ, తెచ్చిన బాట్లూ కూడా.

సర్వర్ సెట్టింగ్స్‌లోని ఆడిట్ లాగ్‌లో ఎవరు ఏ రోల్ ఎవరికిచ్చారో, ఏ ఛానెల్ పర్మిషన్ ఎవరు మార్చారో ఉంటుంది. మోడరేటర్ రోల్ తగిలించుకుని తీసేసుకున్నా అక్కడ రాసి ఉంటుంది. అయితే ఆ వివరాలు 45 రోజులే ఉంటాయి. నెలకోసారి తెరిచి చూసే అలవాటు పెట్టుకుంటే ఏదీ జారిపోదు. అలాగే మోడరేషన్ పనులకు టూ ఫ్యాక్టర్ ఆథెంటికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ లాంటిదీ అడగడం) తప్పనిసరి చేసే సెట్టింగ్ ఉంది, దాన్ని ఆన్ చేయండి. ఇంత కష్టపడి పర్మిషన్లు సర్దుకున్నాక, అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటి ఎవరికో దొరికితే ఏం లాభం?

ప్రైవేట్ ఛానెల్‌లో కూడా పెట్టకూడనివి

ఛానెల్ పేరులోనూ, టాపిక్‌లోనూ రహస్యాలు రాయకండి. లోపలి మెసేజీలు బయటివాళ్లకి చేరవు గానీ, దాచిన ఛానెళ్ల పేర్లు, టాపిక్‌లు మార్పులు చేసిన యాప్‌లతో చూడగలిగిన సందర్భాలున్నాయి. "ఫలానా సభ్యుడి బ్యాన్ చర్చ" అని ఛానెల్‌కి పేరు పెట్టారంటే ఆ ఫలానా సభ్యుడికి తెలిసే అవకాశముంది. "చర్చ 2" అని పెడితే ఎవరికీ ఏమీ తెలియదు.

డిస్కార్డ్‌లో రాసిన మెసేజీలకి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప కంపెనీ కూడా చదవలేని ఏర్పాటు) లేదు. ప్రైవేట్ అంటే సర్వర్‌లో మిగతా సభ్యుల నుంచి ప్రైవేట్ అని మాత్రమే. ఛానెల్‌లో ఉన్నవాళ్లు స్క్రీన్‌షాట్ తీసుకున్నా, మెసేజ్ ఫార్వర్డ్ చేసినా ఏ పర్మిషనూ ఆపలేదు. కాబట్టి పాస్‌వర్డ్‌లు, గుర్తింపు కార్డుల ఫొటోలు, సభ్యుల ఫోన్ నంబర్లు ఎంత గట్టి ఛానెల్‌లోనైనా పెట్టకండి. ఎవరైనా పెడితే వెంటనే తీసేయించి, పాస్‌వర్డ్ అయితే మార్చేయమని చెప్పండి.